మోకాళ్ళ డాక్టరుగారి వాక్యం

సూరత్‌లో, వేసు అనే పేటలో ఉన్న ఆ బడి పేరు చివర ఇంటర్నేషనల్ అనే మాట ఉంటుంది. అంత మాట ఎందుకు తగిలించుకున్నారని ఎవరైనా అడిగితే ప్రిన్సిపాల్ గోపాల్‌భాయ్ గేటు మీద వరసగా ఎగురుతున్న దేశదేశాల జెండాలు చూపిస్తాడు. వాటిలో ఒకటి రెండు ఏ దేశానివో ఆయనకూ తెలియదు, కుట్టిన దర్జీకీ తెలియదు.

హారతి ఆ బడిలో ఇంగ్లీషు టీచరు. ఊరికి ఆ చివర, భేస్తాన్‌లో, మరమగ్గాల కార్ఖానాలో పనిచేసే సోమలింగం కూతురు. సోమలింగం పెళ్ళి కాకముందే సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చేశాడు. హారతి ఇక్కడే పుట్టి, కార్పొరేషన్ వారి తెలుగు బడిలో చదివి, ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బజార్లో గుజరాతీ మాట్లాడుతూ పెరిగి, ఈ మూడూ చాలవన్నట్టు ఇంగ్లీషులో ఎమ్మే చేసింది. ఆమెది ఏడాదికోసారి కొనసాగించాలా వద్దా అని యాజమాన్యం ఆలోచించే రకం ఉద్యోగం. అంటే ఏడాది పొడుగునా ఎవరికీ ఎదురు చెప్పకూడని ఉద్యోగం.

ఆ బడికి రన్-ఆన్ జబ్బు ఉందని బయటపడింది కిందటేటి వార్షికోత్సవంలో. వందన సమర్పణ రాసింది స్వయంగా గోపాల్‌భాయ్. చదివింది ఎనిమిదో తరగతి పిల్ల. పేజీన్నర పొడవునా ఎక్కడా చుక్క అనేదే లేకపోవడంతో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆ పిల్లకు తెలియక, ట్రస్టీల పేర్ల దగ్గరికి వచ్చేసరికి మైకు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. ముఖ్య అతిథిగా వచ్చిన రిటైర్డు ఆఫీసరు మంచినీళ్ళు తెప్పించి, "ముందు ఈ వాక్యానికి ఎవరైనా వైద్యం చేయండి" అన్నాడు. సభంతా నవ్వింది. గోపాల్‌భాయ్ కూడా నవ్వాడు. ఆ రాత్రి బాగా ఆలోచించి, ఈ బడిలో పిల్లలకు ఇంగ్లీషు రాయడం రావడం లేదని తేల్చాడు.

సెలవులు అయిపోయి బడి తెరిచేసరికి గేటు పక్కన కొత్త బోర్డు వెలిసింది: రన్-ఆన్ రహిత ప్రాంగణం. దాని పక్కనే ప్లాస్టిక్ రహిత ప్రాంగణం అనే పాత బోర్డు ఉంది. రెండూ ప్లాస్టిక్కువే. ఉద్యమానికి ఇన్‌చార్జి ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఒక్కసారిగా సంచుల్లో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టారు. హారతి సంచి ఆ రోజు బీరువాలో ఉంది. అలా ఇన్‌చార్జి అయింది.

ఒకసారి నెత్తిన వేసుకున్నాక ఆమె ఆ పని చిత్తశుద్ధితోనే చేసింది. రన్-ఆన్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. రెండు పూర్తి వాక్యాలను మధ్యలో చుక్క లేకుండా, కలిపే మాట లేకుండా ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కించడం. మన భాషల్లో పొద్దున్నే లేచి, ముఖం కడుక్కుని, టీ తాగి, బస్సెక్కి, బడికొచ్చి అంటూ ఎంత దూరమైనా పోవచ్చు. క్రియలన్నీ ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని బుద్ధిగా నడుస్తాయి. ఇంగ్లీషు క్రియకు కొంగు లేదు. దానిమానాన అది నిలబడుతుంది, రెండోది వచ్చి గుద్దుకుంటుంది. "కాబట్టి అయితే చుక్క పెట్టి విడదీయండి, లేదా కామా పెట్టి అండ్, బట్, సో లాంటి మాట ఒకటి వేసి కలపండి, లేదా బికాజ్, ఆల్‌దో అని ఒకదాన్ని ఇంకొకదానికి లోబరచండి. ఉత్త కామాతో అతికిస్తే ఆ బరువు అది మోయలేదు" అని హారతి తరగతి తరగతికీ చెప్పింది. సెమీకోలన్ గురించి కూడా చెప్పింది కానీ దాన్ని పిల్లలు కంప్యూటర్ కోడ్‌కు సంబంధించిన వస్తువుగా భావించి ముట్టుకోలేదు.

ఫలితాలు తొందరగానే వచ్చాయి. భయపడిన పిల్లలు మాట మాటకీ చుక్క పెట్టడం మొదలుపెట్టారు. "నేను. నిన్న. జ్వరం. వలన. రాలేదు." అని సెలవు చీటీలు వచ్చాయి. గోపాల్‌భాయ్‌కి వాక్యం కనపడదు, చుక్కలు కనపడతాయి. చుక్కలు ఎక్కువున్న పేపరు మంచి పేపరు. ఆయన సంతోషంగా ఉన్నాడు. హారతికి మాత్రం పట్టపగలే చుక్కలు కనిపించాయి.

పేరెంట్స్ డే దగ్గరపడింది. ఆ రోజు గోడ మీద అంటించడానికని తొమ్మిదో తరగతికి వ్యాసం ఇచ్చారు. విషయం: నన్ను తీర్చిదిద్దిన మనిషి. ఆ తరగతిలో ఒకే ఒక్క తెలుగు పిల్ల ఉంది. పేరు మౌక్తిక. తండ్రి ఉమామహేశ్వరరావు గుంటూరు నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన మోకాళ్ళ డాక్టరు. బడి ట్రస్టీగారి తల్లికి రెండు మోకాళ్ళూ ఆయనే మార్చాడు. ఆమె ఇప్పుడు గుడికి నడిచి వెళుతుంది. అందుచేత ఈసారి పేరెంట్స్ డేకు ముఖ్య అతిథి ఎవరో బడిలో ఎవరికీ సందేహం లేదు.

మౌక్తిక తెచ్చిన ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులోకి దించితే సుమారుగా ఇలా ఉంటుంది: "మా నాన్నగారు గొప్ప డాక్టరు ఆయన తెల్లవారకముందే లేస్తారు ఆయనకు విశ్రాంతి అంటే తెలియదు రోగులు ఆయనను దేవుడు అంటారు ఆయన ఒప్పుకోరు ఆయన నిరాడంబరులు ఆయన చాలా బిజీ నేనంటే ఆయనకు ప్రాణం ఆయన నాకు కష్టపడటం నేర్పారు ఆయన లేకపోతే సూరత్ నడవదు." ఇది మొదటి పేరా.

హారతి ఎర్ర పెన్ను తీసుకుని వాక్యం ఆగాల్సిన ప్రతిచోటా ఒక గీత గీసింది. పేజీ పూర్తయ్యేసరికి అది కాగితంలా లేదు, కుట్లు వేసిన మోకాలులా ఉంది. ఇరవైకి ఏడు మార్కులు వేసి, కింద "రన్-ఆన్లు సరిచేసి మళ్ళీ రాయి" అని రాసింది. మనిషి ఎముకలన్నీ కలిపే డాక్టరుగారి కూతురికి రెండు వాక్యాలు కలపడం రాకపోవడం ఏమిటని నవ్వుకుంది కూడా.

వ్యాసాలు పిల్లలకు ఒకసారి చూపించి వెనక్కి తీసుకుంది. మర్నాడే ప్రిన్సిపాల్ గదికి పిలుపు వచ్చింది. లోపల గోపాల్‌భాయ్ తన కుర్చీలో అంచున కూర్చుని ఉన్నాడు. ఎదురుగా అతిథుల కుర్చీలో డాక్టరుగారు వెనక్కి వాలి ఉన్నారు. గదిలోకి ఎవరు ఎవరిని పిలిచారో కుర్చీలే చెబుతున్నాయి.

"కూర్చోమ్మా" అన్నాడు డాక్టరు తెలుగులో. "మనవాళ్ళేనని గోపాల్‌భాయ్ చెప్పాడు. ఏ ఊరు?"

"ఇక్కడే సర్. భేస్తాన్."

"అది కాదమ్మా, అసలు ఊరు."

"సిరిసిల్ల సర్."

"ఓహో, మగ్గాలవాళ్ళా. మంచిది. అక్కడి నుంచి ఇంగ్లీషు చెప్పేదాకా వచ్చావంటే మాటలు కాదు." మెచ్చుకున్నాడో, బయలుదేరిన చోటు గుర్తు చేశాడో తేల్చుకోవడానికి ఆమెకు వ్యవధి ఇవ్వలేదు. "మా మౌక్తిక వ్యాసానికి ఏడు మార్కులు వేశావట."

"అన్నీ రన్-ఆన్లే సర్. మామూలుగా మౌక్తిక ఇట్లా రాయదు. తన సొంతంగా రాస్తే మంచిగ రాస్తది. ఈసారి ఏమైందో తెల్వదు, వేరే ఎవరో రాసినట్టుంది."

డాక్టరు ముఖం ఎర్రబడింది. గోపాల్‌భాయ్‌కి తెలుగు రాదు కానీ ముఖాలు చదవడం వచ్చు. ఆయన కిటికీలోంచి జెండాల వైపు చూడసాగాడు. ఏం జరిగిందో హారతికి అప్పుడు అర్థమైంది. తండ్రిని పొగుడుతూ కూతురు రాయాల్సిన వ్యాసాన్ని, పిల్లకు శ్రమ లేకుండా, తండ్రే రాసి పెట్టాడు. తనను గురించి తనకన్నా బాగా ఎవరికి తెలుసు?

"అది రన్-ఆన్ కాదమ్మా" అన్నాడు డాక్టరు. "ఫ్లో. ఆలోచన ధారగా వస్తుంటే మధ్యలో చుక్కలు పెట్టి ఆపేస్తే ఎలా? నేను కాన్ఫరెన్సుల్లో ఎన్నో పేపర్లు చదివాను. నన్నెవరూ ఆపలేదు."

ఆపి ఉండరు, నిజమే అనుకుంది హారతి. పైకి మాత్రం "గ్రామర్ ప్రకారం సర్..." అంది.

గోపాల్‌భాయ్ ఆ ఇంగ్లీషు మాట పట్టుకున్నాడు. "హారతిబెన్, గ్రామర్ వేరు, స్టైల్ వేరు" అన్నాడు హిందీలో. "డాక్టర్ సాహెబ్ చెప్పినట్టు ఫ్లో వేరు, రన్-ఆన్ వేరు."

"రెండింటికీ తేడా ఎట్లా తెలుస్తుంది సర్?"

"కమిటీ తేలుస్తుంది" అన్నాడు గోపాల్‌భాయ్.

కమిటీలో పీటీ సారు, కంప్యూటర్ మేడమ్, గోపాల్‌భాయ్ ఉన్నారు. మధ్యాహ్నం లోచో అనే వేడివేడి శనగపిండి పలహారం తెప్పించుకుని, మీద సన్న కారప్పూస చల్లుకుని తింటూ ఇంగ్లీషు వ్యాకరణం మీద చర్చించారు. రెండు వాక్యాల మధ్య ఉత్త కామా సరిపోతుందని పీటీ సారు ప్రతిపాదించాడు. పరుగు పందెంలో బేటన్ ఇచ్చినట్టు ఉంటుందన్నాడు. కంప్యూటర్ మేడమ్ ఏదీ లేకపోయినా ఫరవాలేదంది. ఇద్దరినీ సమన్వయపరుస్తూ, గౌరవనీయులు రాసినది ఫ్లో అనీ, మిగిలినవారు రాసినది రన్-ఆన్ అనీ గోపాల్‌భాయ్ తీర్మానం చదివాడు. కొన్ని వందల ఏళ్ళుగా ఇంగ్లీషువాళ్ళకు తెగని సంగతి సూరత్‌లో ఒక ప్లేటు లోచో పూర్తయ్యేలోపు తెగింది.

సాయంత్రం హారతి ఇల్లు చేరేసరికి తల్లి భూదేవి గడప పక్కన చీర పరుచుకుని అంచుకు తళుకులు అంటిస్తోంది. సోమలింగం పొద్దటి డ్యూటీ ముగించుకొచ్చి, చాప మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. మగ్గాల మధ్య నిలబడి నిలబడి అరిగిన మోకాలు అది. హారతి జరిగింది చెప్పింది. వ్యాకరణం సంగతి భూదేవి చెవికి ఎక్కలేదు, డాక్టరు సంగతి ఎక్కింది.

"అగో, గాయననా, మోకాళ్ళ డాక్టర్ గాయననా, మన సంతోషి వాళ్ళత్తకు చేసింది గాయనే, ఇప్పుడు మంచిగ మెట్లెక్కుతున్నది, మీ నాయనను చూడు, లేస్తె కూసోలేడు కూసుంటె లేవలేడు, నువ్వేమొ పొయ్యి గాయన బిడ్డకు మార్కులు కోసి వచ్చినవ్, నిన్ను ఇంగ్లీషు చెప్పుమని పెట్టుకున్నరు గని గా ఇంగ్లీషు కోసం కొట్లాడుమని పెట్టుకున్నరా."

"అమ్మా, జర ఊపిరి తీస్కో."

"నేను తీస్కుంట గని, పొయ్యి రెండు మార్కులెయ్, మీ నాయన కాలు చూస్తడేమొ అడుగు."

సోమలింగం చేయి అడ్డం పెట్టాడు. "నడుమల నా మోకాలెందుకు తెస్తున్నవ్. అది సదువుకున్న పిల్ల. తప్పయితె తప్పంటది. గానికి మనమేంది చెప్పేది." కూతురు తండ్రి వైపు కృతజ్ఞతగా చూసింది. ఆయన నూనె సీసా మూత బిగించి, లేవబోయి, గోడ పట్టుకుని, మళ్ళీ కూర్చున్నాడు. "అయినా బిడ్డా, గా సారు మంచిగనే మాట్లాడిండంటివి గద. ఒక్కసారి అడిగి చూస్తె ఏమైతది?"

ఆ ఇంట్లో నిజాయితీ అంతసేపు నిలిచింది.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేనప్పుడు హారతి వ్యాసాల కట్ట తీసింది. ఏడును కొట్టేసే పని కూడా లేదు. దాని ముందు ఒకటి వేస్తే చాలు, పదిహేడు. ఒక్క గీత. ఒకటి వేశాక అది ఏడు కన్నా కొంచెం పొడుగ్గా పడిందని గమనించింది. దాన్ని సరిచేయడానికి మళ్ళీ దిద్దింది. ఎమ్మేలో ఎవరూ నేర్పని ఈ విద్య చేతికి ఇంత తొందరగా వచ్చినందుకు ఆమెకు చెడ్డ చికాకు కలిగింది.

డాక్టరుగారు మాత్రం చాలా మర్యాదస్తుడు. మార్కులు పదిహేడయ్యాయనీ, నాన్న మోకాలు ఒకసారి చూడాలనీ హారతి గోపాల్‌భాయ్ ద్వారా కబురు పంపిన సాయంత్రమే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, నాన్నగారిని తీసుకురమ్మని. హారతి, భూదేవి, సోమలింగం ముగ్గురూ వెళ్ళారు. సోమలింగం ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. డాక్టరు ఆయన మోకాలు వంచి, తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నంత పని చేసి, "ఆపరేషన్ దాకా రాలేదు. కానీ నిలబడే పని మానేయాలి" అన్నాడు.

"నేను కూసుంటె మగ్గం ఊకుంటదా సార్" అన్నాడు సోమలింగం వినయంగా.

"అయితే మధ్యమధ్యలో ఆగండి. విరామం చాలా ముఖ్యం. ఎక్కడ ఆగాలో తెలియకపోతే ఏదైనా అరిగిపోతుంది."

హారతి గోడ మీది అస్థిపంజరం బొమ్మ వైపు చూసింది. నవ్వు ఆపుకోవడానికి అంతకన్నా మంచి చోటు కనిపించలేదు. డాక్టరు మాత్రలు రాసిచ్చి, మోకాలికి చేయాల్సిన వ్యాయామాలు తానే చేసి చూపించాడు. చిన్న స్టూలు మీద కూర్చుని, సూటు ప్యాంటు ముడతలు పడుతున్నా పట్టించుకోకుండా, ఓపిగ్గా. ఆ మనిషి మీద కోపం పెట్టుకోవడానికి ఆమె దాచుకున్న కారణాల్లో ఒకటి అక్కడ తగ్గిపోయింది. అది ఆమెకు ఇంకా చికాకు కలిగించింది.

వ్యాసాలు తిరిగిచ్చిన రోజు మౌక్తిక తరగతి అయిపోయాక ఆగింది. సన్నగా, కళ్ళజోడుతో, ఏదైనా అడిగేముందు కాసేపు నేలచూపులు చూసే పిల్ల.

"మిస్, ఒక డౌట్. ఎర్ర గీతలన్నీ అలాగే ఉన్నాయి. మరి మార్క్స్ ఎలా పెరిగాయి?"

"అది... కమిటీలో చూసినం. ఫ్లో అన్నరు."

"మతలబ్, తప్పులు తప్పులు కాదా?"

హారతి బోర్డు తుడవడం మొదలుపెట్టింది. "తప్పులే" అంది చివరికి. "మార్కులు తప్పు."

పిల్ల ఏమీ ఆశ్చర్యపోలేదు. ఆ వయసుకు పెద్దవాళ్ళ గురించి తెలియాల్సింది చాలావరకు తెలిసిపోయినట్టుంది. "అయితే నేను సరిచేసి రాయనా? మీరు మొన్న రాయమన్నారు కదా. నాన్నకు చెప్పను."

ఆ వారం లంచ్ గంటలో ఇద్దరూ ఖాళీ తరగతిలో కూర్చున్నారు. మౌక్తిక మొదట గీత ఉన్న ప్రతిచోటా చుక్క పెట్టుకుంటూ పోయింది. మా నాన్నగారు గొప్ప డాక్టరు. ఆయన తెల్లవారకముందే లేస్తారు. ఆయన నిరాడంబరులు. వాక్యాలన్నీ ఆసుపత్రి ముందు క్యూలో నిలబడ్డట్టు నిలబడ్డాయి.

"ఇప్పుడు తప్పు లేదు. కానీ ఒకదానికొకటి సంబంధం కూడా లేదు" అంది హారతి. "అన్నీ విడగొట్టనక్కర్లేదు. ఏది దేనితో కలుస్తదో చూసుకో. ఇక్కడ చూడు. ఆయన చాలా బిజీ. నేనంటే ఆయనకు ప్రాణం. ఈ రెండిటి నడుమ మీ నాన్న ఏం పెట్టలేదు. నువ్వేం పెడతవ్?"

"అండ్ పెట్టచ్చా?"

"పెట్టొచ్చు. బిజీ, ప్రాణం. రెండూ ఉన్నయని చెప్పినట్టు."

మౌక్తిక పెన్సిలు కొరుక్కుంటూ ఆలోచించింది. "సో పెడితే?"

"బిజీ కాబట్టి ప్రాణం అయితది. లేకపోతే ముందుది వెనకకు పెడితే, ప్రాణం కాబట్టి బిజీ."

"అమ్మ అదే అంటుంది. నీకోసమే కదా కష్టపడుతున్నారు అని." పిల్ల ఆ మాట రాసి, చెరిపింది. "బట్ పెడతాను మిస్."

"పెట్టు. కానీ ఏది ముందు, ఏది వెనక? బట్ తర్వాత వచ్చిందే చదివినవాళ్ళ మనసులో నిలుస్తది. బిజీ, బట్ ప్రాణం అంటే ఒక మనిషి. ప్రాణం, బట్ బిజీ అంటే ఇంకో మనిషి."

మౌక్తిక కాగితం తన వైపు తిప్పుకుంది. బయట పిల్లలు బంతి ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వ్యాకరణం చెప్పడానికి కూర్చుని ఏం చేస్తున్నానోనని హారతికి భయం వేసింది. ఒక సెమీకోలన్ పెట్టేసి తప్పించుకుందామా అని కూడా అనిపించింది. దాన్ని ఎవరూ సరిగా అర్థం చేసుకోరు, గొడవ ఉండదు. కానీ పిల్ల అప్పటికే రాయడం మొదలుపెట్టింది. ఏది ముందు పెట్టిందో చేయి అడ్డం పెట్టుకుని చూపించలేదు. మిగతా వ్యాసం కూడా కొట్టేసి మళ్ళీ రాసింది. హారతి చివర్లో స్పెల్లింగులు మాత్రం చూసింది. మార్కులు వేయలేదు. వేసిన చేయి మీద ఆమెకే నమ్మకం లేదు.

పేరెంట్స్ డే రోజు గోడ మీద ఉన్నది ఈ వ్యాసం. పాతది ఎక్కడుందో గోపాల్‌భాయ్ అడగలేదు. ఆయన హడావిడిలో ఉన్నాడు. ముఖ్య అతిథి ప్రసంగం అయ్యాక, కార్యక్రమంలో లేని ఆలోచన ఆయనకు ఒకటి తట్టింది. డాక్టరుగారు మైకు వదలకముందే గోడ మీది కాగితం ఊడదీసుకొచ్చి, "మా ఉద్యమ ఫలితం. కూతురి వ్యాసం తండ్రి గొంతులో" అని ప్రకటించాడు. ముందు వరసలో కూర్చున్న ఉషాదేవి, డాక్టరుగారి భార్య, ఫోను తీసి వీడియో మొదలుపెట్టింది.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. తాను రాసినదే కదా, చూడకుండా కూడా చదవగలనన్న ధీమాతో కాగితం కొంచెం దూరంగా పట్టుకున్నాడు. తర్వాత దగ్గరికి తెచ్చుకున్నాడు. చదవడం తప్ప గత్యంతరం లేదు. సభ చూస్తోంది.

"మా నాన్న మోకాళ్ళ డాక్టరు. ఆయన వల్ల చాలామంది మళ్ళీ నడుస్తున్నారు, అందుకు నాకు గర్వంగా ఉంటుంది." చుక్క. ఆగాడు. "నా స్కూలు పనులు ఆయనే చేసి పెడతారు, ఎందుకంటే నాతో కూర్చుని చేయించే టైము ఉండదు." మళ్ళీ ఆగాడు. సభలో ఒకరిద్దరు తండ్రులు తలలు వంచుకున్నారు. ఆ వ్యాసాల గోడ మీద తండ్రులు రాసినవి ఇంకా ఎన్ని ఉన్నాయో దేవుడికి తెలియాలి. "భోజనానికి వస్తానని చెబుతారు, కానీ నేను పడుకున్నాక వస్తారు. నిజానికి నేను పడుకోను. లిఫ్టు చప్పుడు అయ్యాక కళ్ళు మూసుకుంటాను. ఆయన తలుపు దగ్గర కాసేపు నిలబడతారు. మోకాళ్ళ డాక్టరే అయినా ఆయనకూ కాళ్ళు నొప్పి పుడతాయి, అది నాకు తెలుస్తుంది."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాల మీద ఏమీ లేదు. చివరి వాక్యం చాలా మెల్లగా చదివాడు.

"నేనంటే నాన్నకు ప్రాణం, కానీ ఆయన చాలా బిజీ."

చప్పట్లు చాలాసేపు పడ్డాయి. గోపాల్‌భాయ్‌కి మాత్రం ఏదో తేడా జరిగిందని అనిపించింది. ట్రస్టీగారి వైపు, డాక్టరుగారి వైపు మార్చి మార్చి చూసి, "లోచో థయి గయో" అని గొణిగాడు. సూరత్‌లో లోచో అంటే పలహారమే కాదు, కొంప మునగడం కూడా. కానీ ట్రస్టీగారి తల్లి కళ్ళు ఒత్తుకుంటోంది. అది చూసి ఆయన గుండె కుదుటపడి, మైకు అందుకుని, ఇదంతా తమ బడి ముందుచూపు అని చెప్పాడు.

సభ అయ్యాక టీ బల్లల దగ్గర డాక్టరు హారతిని వెతుక్కుంటూ వచ్చాడు. కాగితం ఇంకా చేతిలోనే ఉంది.

"ఇది నువ్వు రాయించావా?"

"లేదు సర్. వాక్యాలు ఎట్లా కలపాలో చెప్పిన అంతే. ఏ మాట వేయాలో తనే వేసుకుంది." తర్వాత, ఎలాగూ ఇంత దాకా వచ్చింది కదా అని, "ఆ పదిహేడు మార్కులు కూడా నేను తీసేస్తున్న సర్. అవి మా నాన్న మోకాలికి వేసినవి" అంది.

డాక్టరు ఆ మాట వినిపించుకున్నట్టు లేదు. చివరి వాక్యం మీద వేలు పెట్టాడు. "ఒక సందేహం అమ్మా. ఈ రెండు ముక్కలూ అటూ ఇటూ మారిస్తే గ్రామర్ ప్రకారం తప్పా? బిజీ, కానీ ప్రాణం అని?"

కాన్ఫరెన్సుల్లో ఎవరూ ఆపని మనిషి వ్యాకరణం ముందు ఇలా చేతులు కట్టుకుని నిలబడతాడని హారతి అనుకోలేదు. "తప్పు కాదు సర్. రెండూ కరెక్టే. రాసినామెను అడగాలె."

మౌక్తిక తల్లి పక్కన నిలబడి సమోసా తింటోంది. డాక్టరు వెళ్ళి కూతురి ముందు, సూటు సంగతి చూసుకోకుండా, ఒక మోకాలు వంచి కూర్చున్నాడు. ఏదో అడిగాడు. హారతికి అక్కడి నుంచి వినపడలేదు. పిల్ల నేలచూపులు చూసింది. తర్వాత తండ్రి ముఖంలోకి చూసి జవాబు చెప్పింది. ఉషాదేవి గట్టిగా నవ్వి, నవ్వినందుకు నోరు మూసుకుంది.

ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, హారతి దగ్గరికి తిరిగొచ్చాడు.

"ఈ టర్ము అయ్యాక చూద్దామంది" అన్నాడు. "చూసి, అవసరమైతే మారుస్తుందట."

"మరి మీరేమన్నరు సర్?"

"ఏమంటాను. సరేనన్నాను." జేబులో ఫోను మోగుతోంది. ఆయన తీసి చూసి, కాసేపు ఆలోచించి, భార్య చేతిలో పెట్టి, "నువ్వు మాట్లాడు, ఒక అరగంట లేనని చెప్పు" అన్నాడు. ఉషాదేవి ఆ ఫోనును ఎవరో పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో పట్టుకుంది.

మౌక్తిక మార్కుల జాబితాలో పదిహేడు పోయి ఏడు మళ్ళీ వచ్చింది. కొత్త వ్యాసానికి విడిగా మార్కులు వేయాలా అని కమిటీ ఆలోచించి, వేయకూడదని తేల్చింది. గోడ మీద పెట్టింది కాబట్టి అది అలంకారం కిందికి వస్తుందట. హారతి ఉద్యోగం ఇంకో ఏడాదికి పొడిగించారు, డాక్టరుగారి మాట మీదనో, ట్రస్టీ తల్లి కన్నీళ్ళ మీదనో. రన్-ఆన్ ఉద్యమం మాత్రం ఆ నెలలోనే ముగిసింది. గోపాల్‌భాయ్ దృష్టి ఇప్పుడు చేతిరాత మీద పడింది. ఇన్‌చార్జి ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు హారతి అందరికన్నా ముందు సంచిలో తల దూర్చింది.